శ్రీ పర్వతాలు జోలపాట కట్టిన సంగ్రామం

వినండి రసికులారా, చెవులు రిక్కించి వినండి! మూసీ కృష్ణా మహానదుల నడుమ, అహోరాత్రాలు లారీల హూంకారాలతో దద్దరిల్లే జాతీయ రహదారికి కూతవేటు దూరాన విరాజిల్లే కట్టంగూర్ అనే మహాగ్రామంలో, తెలంగాణ రాష్ట్రావతరణానంతర పుణ్యకాలాన, పత్తి ఏరడం ముగిసి చేలల్లో ఎండుమోళ్లు మాత్రమే మిగిలిన మాఘమాసపు ఒకానొక ప్రభాతవేళ, మేషపాలక వంశాంభోధి చంద్రుడు, ఐలేశం గుర్వమ్మల తపఃఫలం, త్రివేణీ మనోవల్లభుడు, పంచాయతీ ఎన్నికల ప్రచారగీత చక్రవర్తి అయిన శ్రీమాన్ పర్వతాలు, బాల్‌పెన్ను అనే ఖడ్గాన్ని చొక్కా జేబు అనే ఒరలోంచి సర్రున దూసి, నాలుగు పాదాల జోలపాట ఒకటి రాయడానికి యుద్ధసన్నద్ధుడయ్యెను.

ఓ వాగ్దేవీ! వీణ ఆ పక్కన పెట్టి ఇలా వచ్చి కూర్చో తల్లీ. ఈ కథలో రథాలు లేవు, ఏనుగులు లేవు, ఉన్నవి గొర్రెలే. రక్తం ఏరులై పారదు. పారేది సిరా, అదీ బొటాబొటీగా. అయినా చెప్పక తప్పదు. ఎందుకంటే లంకకు వారధి కట్టినవాళ్లకు సాయానికి ఒక సైన్యమే ఉంది. మనవాడికి పొద్దున తాగిన చాయ్ తప్ప వేరే దిక్కు లేదు.

నాలుగు పాదాలేనా అని చప్పరించేయకండి. ఆ నాలుగు పాదాల వెనక ఒక ఇల్లాలి అలక ఉంది. పేరుకు పర్వతాలు గానీ, అటక మీది చాట అందుకోవాలంటే స్టూలెక్కే ఈ మహానుభావుడు, ఇతరుల కోసం పాట కట్టమంటే మాత్రం సింహమే. అభ్యర్థి పేరు, గుర్తు, జనం నోట నానుతున్న ఏదో ఒక రాగం, ఈ మూడూ చేతికిస్తే చాయ్ చల్లారేలోపు పాట తయారు. పొద్దున ఉంగరం గుర్తుకు జై కొట్టిన నోటితోనే సాయంత్రం కత్తెర గుర్తుకు జేజేలు పలికిన సమదర్శి. ఇరుపక్షాల వాళ్లూ అతని పాటలకే స్టెప్పులేశారు, ఇరుపక్షాల వాళ్లూ అతన్ని నమ్మలేదు. కానీ సొంత మాట ఒక్కటి రాయమంటే ఆ కలం మొండికేసిన ఎద్దులా నడిరోడ్డు మీద కూలబడుతుంది.

ఈ లోపం త్రివేణి సీమంతం నాడు బట్టబయలైంది. భార్య కోసం ప్రత్యేకంగా కట్టానని చెప్పి, పర్వతాలు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. "మా ఇంటి వెలుగమ్మ త్రివేణమ్మా" అని ఒక పాదం పాడి ఊపిరి తీసుకునేలోపు, గాజులు తొడిగించుకోవడానికి వచ్చిన అమ్మలక్కలంతా అలవాటు కొద్దీ చప్పట్లు కొడుతూ "కత్తెర గుర్తుకే మన ఓటమ్మా" అని ఏకకంఠంతో అందుకున్నారు. పాపం, వాళ్ల తప్పేముంది? ఆ రాగం ఎన్నికల్లో ఊరంతా మైకులో మోగిన రాగమే. నిండు చూలాలు నలుగురిలో నవ్వుతూనే కూర్చుంది. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఇప్పుడు జడ్చర్లలో, తల్లిగారింట్లో, ఆడపిల్లను కని ఉంది. తొట్టెల పండుగ దగ్గరికొచ్చింది. బిడ్డను మొదటిసారి తొట్టెలో వేసి ఊపుతూ జోల పాడే పండుగ అది. ఆ ప్రభాతానికి ముందురోజు సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"ఎల్లుండి తొట్టెల. పాట అయ్యిందా?"

"అయితాంది."

"అయితాందంటే?"

"మనసుల ఉన్నది త్రివేణీ. కాయితం మీదికి దిగుతలేదు."

"జర ఇను. ఊరందరికి కట్టినవ్, నేనేమన్న అన్ననా? నా బిడ్డకు ఒక్కటి, ఎవ్వలకు పాడనిది ఒక్కటి కావాలె. చేతగాకుంటె చెప్పు, మా అవ్వ పాడుతది. నువ్వు ఊకె వచ్చి బువ్వ తిని పో."

ఆ "ఊకె వచ్చి బువ్వ తిని పో" అన్న మాట శక్త్యాయుధమై వచ్చి వీరుని వక్షఃస్థలాన గుచ్చుకుంది. నవ్వులాటకు కాదు, నిజంగానే నొచ్చింది. కన్నబిడ్డ తొట్టెల పండుగకు చుట్టంలా వెళ్లి విస్తరి ముందు కూర్చుని రావడం కన్నా సిగ్గుచేటు మరొకటి అతనికి తోచలేదు.

అందుచేత ఆ ప్రభాతాన ఎవరిదో పెళ్లి శుభలేఖ వెనకవైపు తెల్లగా ఉంటే దాన్ని ముందు పెట్టుకుని అతడు ధ్యానముద్ర వహించాడో లేదో, వాకిట్లోంచి తండ్రి ఐలేశం కేకేశాడు.

"కొడుకా, మోకాలు బూరె లెక్క ఉబ్బింది. ఇయ్యాల గొర్లను నువ్వు తోలుకపో."

పర్వతాలు మనసులో ఇలా గర్జించాడు. "ఏమీ! సరస్వతీ సాక్షాత్కారానికి ఘడియ దూరంలో ఉన్న ఈ మహాకవిని మేషములు కాయుమందువా జనకా? వేదవ్యాసుని వ్రాతబల్ల మీదినుండి లేపి పేడ ఎత్తుమనెదవా?" పైకి మాత్రం "పోత బాపూ" అన్నాడు. అంతలోనే మెదడులో మెరుపు మెరిసింది. గొర్రెల వెంట వెళ్తే టీవీ లేదు, మిక్సీ రొద లేదు, పలకరించే మనిషి లేడు. అది ఏకాంతం కాదూ? ఋషులు అడవికి పోయింది ఎందుకు మరి? సద్దికట్టుకుని, తువ్వాల భుజాన వేసుకుని, శుభలేఖ జేబులో దోపి మనవాడు రణరంగానికి కదిలాడు.

రణరంగం ఊరి శివారున నర్సింగమ్మ చేను. పత్తి మోళ్ల మధ్య గొర్రెలు విచ్చుకున్నాయి. బోరు పక్కన సిమెంటు నీళ్ల గాబు, దాని పక్కన వేపచెట్టు నీడ. ఆ నీడలో పద్మాసనం వేసి, అది పట్టక సుఖాసనానికి దిగి, పర్వతాలు కలం ఎత్తాడు.

ఎత్తిందే తడవు, పాతరాగ రాక్షసగణం నలుదిక్కులనుంచి కమ్ముకుంది. "చిన్నారి తల్లీ" అని రాస్తే, దాని వెనకే తోకలా "గెలిపించవమ్మా" అని వచ్చి నిలబడింది. కొట్టేశాడు. "చందమామ" అని రాశాడు. "అభివృద్ధి" అనే మాట మూతి ముందుకు తోసుకొచ్చింది. కొట్టేశాడు. "నీ చిట్టి చేతులు" అన్నాడు. ఆ చేతుల్లోకి కత్తెర వచ్చేసింది. పాలు తాగే పసికందు చేతికి కత్తెరా అని తనలో తానే ఉలిక్కిపడి, ఆ పాదాన్ని కాగితం చిరిగేదాకా గీకి చంపాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి శుభలేఖ వెనకభాగం హతశేషులు లేని కురుక్షేత్రంలా ఉంది. వధువు పేరున్న ముందుభాగంలో మాత్రమే ఇంకా కాస్త జాగా మిగిలింది.

అప్పుడే జేబులో ఫోన్ అనే మాయావి గురగురమన్నాడు. చేసినవాడు దివాకర్. మొన్నటి ఎన్నికల్లో వార్డు మెంబరుగా ఓడి, వచ్చే ఎన్నికలకు ఇప్పటినుంచే దండలు సిద్ధం చేసుకుంటున్న నాయకుడు.

"తమ్మీ, ఎల్లుండి నా పుట్టినరోజు. ఒక్క పాట కొట్టు. డీజే మాట్లాడిన."

పర్వతాలు అంతరంగం ఘోషించింది. "దూరముగా తొలగుము ప్రలోభమా! కైలాసమంత కేకు కోసినను కవి కంఠము కొనజాలవు!" పైకి అన్నది ఇది: "అన్నా, జర ఆగు... రేపే మా బిడ్డ తొట్టెల."

"పది నిమిషాల పని గదనే. పేరు మార్చుడే గద?"

ఆ మాటకు మనవాడికి చెవులు వేడెక్కాయి. తన పాండిత్యం గురించి దేశంలో ఉన్న అభిప్రాయం ఇంత స్పష్టంగా ఇదివరకెవరూ చెప్పలేదు. నిజం కాబట్టి కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకపోయింది. "ఈసారి కాదన్నా" అని ఫోన్ నోరు నొక్కి, సద్దిమూటలో, పచ్చడి గిన్నె కింద సమాధి చేశాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఒక నాయకుడికి లేదన్నాడు. ఆ విజయానికి ఒక గొర్రె చీదింది.

ఆ తర్వాతి నిశ్శబ్దంలో, నిజంగానే, ఏదో వచ్చింది. ఏ మైకులోనూ వినని, ఏ డీజే బండీ మోయని రాగం. లోపల ఎక్కడో అడుగున ఊరినట్టు మెల్లగా గొంతులోకి ఎక్కింది. పర్వతాలుకు పాట కట్టే పద్ధతి ఒకటుంది. పల్లవి గొంతెత్తి పాడితే గానీ తర్వాతి మాట రాదు. చేతిపంపులో ముందు చెంబెడు నీళ్లు పోస్తే గానీ నీళ్లు రానట్టు. కనుక కళ్లు మూసుకుని గొంతెత్తాడు.

"దా... దా... దాయో... దాయో దా..."

కళ్లు తెరిచేసరికి మంద మొత్తం పరుగున వస్తోంది! చేను ఆ చివరన మేస్తున్న కొమ్ముల పొట్టేలు ముందు నడవగా, ధూళి ఆకాశాన్ని కప్పగా, గిట్టల చప్పుడు దిక్కులు పిక్కటిల్లగా, గొర్రెలన్నీ వచ్చి అతని చుట్టూ వలయంగా నిలిచి ముఖంలోకి చూశాయి. పర్వతాలు పులకించిపోయాడు. గానరసం శిశువుకూ తెలుస్తుంది, పశువుకూ తెలుస్తుందని పెద్దలు ఊరికే అన్నారా? పశువుల సర్టిఫికెట్ వచ్చేసింది. ఇక శిశువుదే మిగిలింది. లేచి నిలబడి చేయి చాచి ఇలా పలికాడు.

"ఓ మేషశ్రేష్ఠములారా! ఉన్నిధారులారా! ఇన్నాళ్లు మనుషులకు పాడి కంఠశోష తెచ్చుకొంటిని గాని, రసజ్ఞులు నా దొడ్డిలోనే ఉన్నారని ఎరుగనైతిని. మీ కన్నుల ఆర్ద్రత నన్ను కృతార్థుని చేసినది. ఇక మేతకు వెళ్లుడు!"

రసజ్ఞులు కదల్లేదు. కర్ర చూపించి తోలితే వెళ్లాయి. మళ్లీ కూర్చున్నాడు. రెండో పాదం కోసం పల్లవి ఎత్తాడు. మళ్లీ వచ్చాయి. మళ్లీ తోలాడు. మూడోసారి ఎత్తేసరికి కొమ్ముల పొట్టేలు విసుగ్గా వచ్చి శుభలేఖ అంచు కొరికి, వరుడి ఇంటిపేరు నమిలేసింది. అప్పుడు పర్వతాలు ఆ శ్రోతలను కాస్త పరిశీలనగా చూశాడు. వాటి చూపు తన ముఖం మీద లేదు. తన పక్కనున్న గాబు మీద ఉంది. గాబులో చుక్క నీరు లేదు. ఆర్ద్రత అనుకున్నది దాహం.

హతవిధీ! అది దివినుంచి దిగిన రాగం కాదు. బాపు గొర్రెలను నీళ్లకు పిలిచే పిలుపు. పుట్టినప్పటినుంచి రోజూ విన్నది గనుకనే ఎక్కడిదో గుర్తుకు రాలేదు. సొంత చెమట వాసన మనకు తెలియదు కదా. వీరుడు నిలువునా కూలబడ్డాడు. జన్మకొక్కసారి లోపలినుంచి ఒకటి వచ్చిందనుకుంటే, అదీ అరువుదేనా? అదీ గొర్రెల దగ్గరా?

బోరు మోటారు వేసి గాబు నింపాడు. అవి మూతులు ముంచి తాగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగా బుద్ధి వెలిగింది. అరువే, ఒప్పుకున్నాం. కానీ ఎవరి దగ్గర? బాపు దగ్గర. తండ్రి గొర్రెల్లో కొడుక్కి వాటా ఉన్నప్పుడు తండ్రి పిలుపులో ఉండదా? ఏ గుర్తుకూ ఓటడగని పిలుపు. దాహమైన వాళ్లను రమ్మనడం తప్ప ఇంకేమీ తెలియని పిలుపు. రాగం ఇదే, దీన్ని వదిలేది లేదని గాబు మీద గుద్ది శపథం పట్టాడు. గాబు సిమెంటుది కనుక చేయి ఊదుకోవలసి వచ్చింది.

రాగం ఖాయమైంది, సరే. కానీ పాడితే తప్ప మాట రాదు, పాడితే మంద రాకుండా ఉండదు. నీళ్లు తాగినవి కూడా, పిలిచినవాడు ఇంకేమైనా పెడతాడేమోనని వచ్చేస్తాయి. ఈ ధర్మసంకటంలోనే మన కథానాయకుడు చరిత్రలో ఏ కవీ చేయని సాహసం చేశాడు. తువ్వాలతో తన నోరు తానే కట్టుకున్నాడు. దవడల కిందినుంచి నెత్తి మీదికి లాగి గట్టిగా ముడి వేశాడు. ఇక పల్లవి లోపలే తిరగాలి, మాట కలం మొననుంచే రావాలి. ఇంద్రియనిగ్రహం అంటే ఇదీ. కళ్లు ఎర్రబడ్డాయి, చెవుల్లోంచి ఆవిరి వస్తోందేమో అనిపించింది, ముక్కు మాత్రం వశం తప్పి సన్నగా రాగం తీసింది. ఒక ముసలి గొర్రె చెవి రిక్కించి, వదిలేసింది. రెండో పాదం దిగింది!

సరిగ్గా ఆ క్షణాన చేను యజమానురాలు నర్సింగమ్మ కొత్తిమీర మడికి నీళ్లు పెట్టడానికి వచ్చి, మూతికి కట్టు కట్టుకున్న పర్వతాలును చూసి గుండె మీద చేయి వేసుకుంది.

"అయ్యో కొడుకా, పన్ను సలుపుతాందా?"

వీరుని పుక్కిట మూడో పాదం అప్పుడే అంకురిస్తోంది. నోరు తెరిస్తే ఎగిరిపోతుంది. తల అడ్డంగా ఊపాడు. ఆమె దాన్ని నొప్పి అనుకుంది.

"ఊపకు, ఊపితె ఇంక గుంజుతది. మా మరిది మైసయ్యకు గిట్లనే దవడ ఇంతయ్యింది. లవంగం పెట్టిండు, పోలే. ఉప్పునీళ్లు పుక్కిలించిండు, పోలే. ఆఖరికి నల్గొండకు తోలుకపోయి దవాఖాన్ల పీకిపిస్తె, పక్క పన్ను పీకిండ్రు. మల్లొక్కసారి పోయిండ్రు..."

మైసయ్య పళ్ల కాండ ఎంతసేపు సాగిందో వాగ్దేవికే ఎరుక. ఎదుటివాడు జవాబు చెప్పలేడని తెలిశాక మాట్లాడేవాళ్లకు అంతకన్నా సుఖం ఏముంది? అటు దవడ వాపు పెరుగుతుంటే, ఇటు మూడో పాదం తరుగుతూ వచ్చింది. పర్వతాలు దంతాలు బిగించి, వేళ్లతో తొడ మీద తాళం వేస్తూ, "అమ్మ అలిసింది, అమ్మ అలిసింది" అని మనసులో ఆ రెండు మాటల ముక్కను తల్లికోడి పిల్లను దాచినట్టు దాచుకున్నాడు. నర్సింగమ్మ మైసయ్యకు కట్టుడు పళ్లు పెట్టించి, వాటిని ఒక పెళ్లిలో పోగొట్టించి, "రేపు దవాఖానకు పో బిడ్డా, జాగు చెయ్యకు" అని హెచ్చరించి వెళ్లింది. ఆమె వీపు కనబడగానే అతను కాగితం మీద పడ్డాడు. మూడో పాదం ప్రాణాలతో ఉంది!

నాలుగోది మాత్రం రాలేదు. పొద్దు వాలింది. గొర్రెలు మేత ముగించి నెమరు వేస్తున్నాయి. నిద్రను బిడ్డ కళ్లలోకి పిలుస్తున్న పాట అది. మూడు పాదాలూ పిలిచాయి. నాలుగో పాదంలో నిద్ర రావడానికి ఒక కారణం చెప్పాలి. వెన్నెల అన్నాడు, వెండి ఊయల అన్నాడు, రాణీవాసం అన్నాడు. అన్నీ డీజేలో వాయించదగ్గవే. విసిగి వేసారి, తువ్వాల ఊడబీకి, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు పైకే అనేశాడు.

"ఏ, గీ పాట ఇనలేకనన్న పండుకుంటది పో!"

అనేసి ఆగిపోయాడు. అదే నాలుగో పాదం! పొద్దుటినుంచి రాసినవాటిలో పూర్తిగా నిజమైన మాట అదొక్కటే. వధువు పేరు కింద, మిగిలిన ఆఖరి జాగాలో రాసుకున్నాడు.

దా దా దాయో, దాయో దా
నిదురమ్మా, నా బిడ్డ కండ్లల్లకు దా
అమ్మ అలిసింది, జెల్ది దా
బాపు పాట ఇనలేకనన్న దా

విజయోత్సాహంతో ఇల్లు చేరిన వీరునికి ఘనస్వాగతమే దక్కింది. నర్సింగమ్మ వార్త అతనికన్నా ముందే చేరింది. ఇంట్లో నాటుకోడి కూర ఘుమఘుమలాడుతోంది. ఐలేశం ముక్కలు నములుతున్నాడు. కొడుకు ముందు మాత్రం గుర్వమ్మ చల్లారిన జావ పెట్టింది.

"పన్ను మంచిగనే ఉందే అమ్మా!"

"అబద్ధాలాడకు. రేపు తొట్టెల కాడ దవడ ఉబ్బితె అత్తగారోళ్ల ముంగట ఇజ్జత్ పోతది. తాగు."

తాగాడు. ప్రతి మహాయుద్ధంలోనూ విజేతకు ఏదో ఒక గాయం తప్పదు.

మర్నాడు నల్గొండలో బస్సు మారి, ముగ్గురూ జడ్చర్ల చేరారు. పూలు చుట్టిన తొట్టెలో మన కథకు మూలకారకురాలు పిడికిళ్లు బిగించి, ఊరు దద్దరిల్లేలా ఏడుస్తోంది. పర్వతాలు తాడు పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ అమ్మలక్కలు చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుని ఉన్నారు. ఎత్తుకున్నాడు. మొదటి పిలుపుకే, ప్లాస్టిక్ కుర్చీలో కునుకుతున్న ఐలేశం దిగ్గున లేచి, మోకాలు మరచి, చుట్టూ చూసి, కొడుకు ముఖం చూసి మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చెమటకు కాదు.

పాదం ముగిసి పర్వతాలు ఊపిరి తీసుకున్నాడు. చేతులు గాలిలోనే ఆగాయి. ఎవరికీ ఏమి అందుకోవాలో తెలియలేదు. ఆ నిశ్శబ్దం కన్నా తియ్యని జేజేలు అతను ఏ ఊరేగింపులోనూ వినలేదు. ఆ ఆనందంలో మూడో పాదం మరిచిపోయి నేరుగా నాలుగోది పాడేశాడు. పిల్ల ఏడుపు ఇసుమంతైనా తగ్గలేదు.

త్రివేణి వచ్చి తొట్టె తాడు మీద తనూ చేయి వేసింది.

"గీ పాట నాకు రాదు," అంది.

"ఎవ్వలకు రాదు."

"అయితే మల్ల పాడు. నేర్చుకుంట. రోజు పాడేది నేనే గద."

కావున రసికులారా, దిక్కులన్నీ వినేలా చాటించండి! నాలుగు పాదాల కోసం పొద్దు పొడవగానే దండెత్తి, ఒక శుభలేఖనూ ఒక విందునూ కోల్పోయి, మూడు పాదాలను బిడ్డ తొట్టె దాకా సజీవంగా చేర్చిన పర్వతాలు జయించాడు! ఈ కథ విన్నవారు ఫోన్ పక్కన పెట్టి కనీసం ఒక్క పాదమైనా రాయుదురు గాక, అది బాగుండకపోయినా సొంతదై ఉండుగాక. త్రివేణి రెండోసారికే గొంతు కలిపింది. రాగం కొంచెం పక్కకు పోయింది. అతను సరిచేయలేదు.